ఆంగ్లము బోధించుటకు దేశాంతరమేల?

హనుమకొండలో నివసించు విశ్రాంత ఆంగ్లోపన్యాసకులొకరికిని, ఖమ్మములో ఒక ప్రైవేటు పాఠశాలయందు ఆంగ్లము బోధించుచు ఆ విద్యతోనే దేశాంతరము పోవ నిశ్చయించుకొన్న వారి మేనకోడలికిని నడచిన వాదమిది. ఆయన లిబియాలో ఒక కళాశాలయందు కొలువు చేసి, 2011లో అచట తిరుగుబాటు చెలరేగినపుడు మన ప్రభుత్వము 'ఆపరేషన్ సేఫ్ హోమ్‌కమింగ్' అను పేర తరలించి తెచ్చిన 15,000 మందికి పైబడిన భారతీయులలో ఒకరుగా కట్టుబట్టలతో ఇల్లు చేరినవారు. ఆమె ఎం.ఏ., బి.ఇడి. చదివి, 1958లో హైదరాబాదున కేంద్రీయ ఆంగ్లసంస్థగా వెలసి నేడు విశ్వవిద్యాలయమై విలసిల్లుచున్న విద్యాలయము నుండి దూరవిద్యా మార్గమున ఆంగ్లబోధన ధ్రువపత్రమును గూడ సంపాదించినది. పోయి వచ్చినవారు పోవలదనుటయు, పోనివారు పోయి తీరెదమనుటయు లోకసహజమే. కాని ఇరువురును పత్రములు, నియమములు, సంవత్సరములు ముందిడుకొని తర్కించిరి గనుక, ప్రక్కనుండి వినిన నేను వ్రాసి యుంచితిని. నా మనస్సు ఏ పక్షమునకు మొగ్గినదో దాచను. అది నడుమ నడుమ తానే బయటపడును.

మేనమామ: బిడ్డా, నీ విద్యను నేను తక్కువ చేయుట లేదు. కాని నీవు పోదలచిన చోట్ల తొలుత చూడబడునది విద్య కాదు, పాస్‌పోర్టు. కొరియావారు ఆంగ్లోపాధ్యాయులకిచ్చు ఇ-2 వీసాకు అమెరికా, బ్రిటను, కెనడా, ఐర్లండు, ఆస్ట్రేలియా, న్యూజిలాండు, దక్షిణాఫ్రికా అను ఏడు దేశముల పౌరులనే అర్హులుగా నిర్ణయించిరి. ఏ భాష బోధింపబడునో అది మాతృభాషగా గల దేశమునుండియే బోధకుడు రావలెనని చీనావారి నియమము. జపాను ప్రభుత్వము 1987లో జెట్ అను పథకమును నెలకొల్పి, తన పాఠశాలలకు సహాయోపాధ్యాయులుగా తొలియేట పిలిపించిన 848 మందియు నాలుగు దేశములవారే. ఆ నాలుగేవో నీవు ఊహింపగలవు. వ్యవసాయశాస్త్రమో చరిత్రయో చదివి, ఒక్కనాడైనను తరగతిగదిలో సుద్దముక్క పట్టని ఇరువదిరెండేండ్ల యువకుడు మాంచెస్టరులో విమానమెక్కి సియోలులో దిగునంతలో ఉపాధ్యాయుడగుచున్నాడు. సంవత్సరముల తరబడి పిల్లలచే పలికించి, వ్రాయించి, దిద్ది గొంతు పోగొట్టుకొన్న నీవు ఆ ద్వారమునొద్ద నిలిచి నీ జన్మస్థలమునకు సంజాయిషీ చెప్పుకొనవలెను. ఆ యవమానము నీకేల?

మేనకోడలు: మామయ్యా, మీరు చదివిన ఇ-2 నియమములలో ఇంకొక పేరా కలదు. భారత, కొరియా దేశములు 2009 ఆగస్టులో సంతకము చేసిన సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందము 2010 జనవరి 1 నుండి అమలులో నున్నది. ఓడలు, ఇనుము, మోటారుకార్ల మీది సుంకములను గూర్చి బేరమాడుకొన్న ఆ ఒప్పందములోనే, ఎవరి చలువవలననో గాని, ఆంగ్లోపాధ్యాయుల ప్రసక్తియు చేరినది. ఆంగ్లమున పట్టమును, ఉపాధ్యాయ యోగ్యతాపత్రమును గల భారతీయులు అచ్చటి ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలలో సహాయోపాధ్యాయులుగా నియుక్తులు కావచ్చును. మీరు చెప్పిన ఏడు దేశములవారికి ఏ శాస్త్రమున పట్టమున్నను చాలును. మనకు మాత్రము ఆంగ్లమే చదివి యుండవలెను, బోధనాశిక్షణయు పొందియుండవలెను. వారిని పుట్టుక యడిగిరి, నన్ను చదువడిగిరి. నన్నడిగిన ప్రశ్నయే నాకు గౌరవమని తోచుచున్నది.

మేనమామ: వీసాకు అర్హత వేరు, కొలువు వేరు. కాగితము మీద ద్వారము తెరచినంత మాత్రమున లోపల పీట వేసి యుంచిరని యెంచకుము. ఎన్నుకొనువారు అచ్చటి విద్యాశాఖల వారే గదా! మరియు జపాను సంగతి వినుము. పాఠశాలలలో పరభాష బోధింపవచ్చువారికి వారిచ్చు నివాసానుమతికి, ఆ భాషా మాధ్యమమున పండ్రెండేండ్లకు తక్కువ కాకుండ చదివి యుండవలెనని ఒక షరతున్నది. నీవు పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమమున, మన జిల్లా పరిషత్తు పాఠశాలలో చదివితివి. హైదరాబాదులో కాన్వెంటున చదివిన నీ స్నేహితురాలు ఆ గడప దాటగలదు, నీవు దాటజాలవు. నీ ఎం.ఏ. పట్టమును అడుగువారుండరు.

మేనకోడలు: ఆ షరతు జపానువారి ఇచ్ఛ, దానిని నేను మార్పజాలను. కాని దాని మూలమున నా యోగ్యత తగ్గినదని మాత్రము ఒప్పుకొనను. ఈ భ్రాంతి ఎప్పటిదో మీకు తెలియును: 1961లో ఉగాండాలోని మకెరెరేలో జరిగిన కామన్‌వెల్తు సమావేశమునుండి, ఆంగ్లము మాతృభాషగా గలవాడే ఆదర్శోపాధ్యాయుడను సిద్ధాంతము స్థిరపడినదని రాబర్ట్ ఫిలిప్సన్ 1992లో ప్రకటించిన గ్రంథమున ఎత్తి చూపి, దానిని నిర్దాక్షిణ్యముగా ఖండించెను. అటుపిమ్మట రెండేండ్లకు హంగేరీ దేశీయుడైన పేటర్ మెద్యెష్, పరభాషగా ఆంగ్లము నేర్చినవాడే నేర్చుకొనువారి తొట్రుపాటును ముందుగా కనిపెట్టగలడని ఒక గ్రంథమంతయు వ్రాసినాడు. అంతదూరమేల, 1979 నుండి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభు దక్షిణాది ప్రభుత్వ పాఠశాలలలో నడపిన బెంగుళూరు ప్రయోగము ప్రపంచమందలి భాషాబోధకులకందరకు పాఠ్యాంశమైనది; ఆయనయే తరువాత సింగపూరు జాతీయ విశ్వవిద్యాలయమున బోధించెను. కొరియాభాషలోను, జపానుభాషలోను మన తెలుగులోవలెనే క్రియ వాక్యాంతమున వచ్చును; మన 'లో', 'తో', 'కు'ల వంటివి నామము వెనుక చేరును; ఆంగ్లమునందలి 'ఎ', 'ది'లకు సమానమైనవి అందును లేవు, ఇందును లేవు. ఆ రెండక్షరముల ముక్కల కొరకు నేను ఎనిమిదవ తరగతిలో తిన్న దెబ్బలే సియోలు పిల్లవాడు నేడు పరీక్షలలో తినుచున్నాడు. వాడు ఎచట పొరపడునో నాకు ముందే తెలియును. మాంచెస్టరు యువకునికి అది పొరపాటని తెలియును గాని, ఏల జరిగినదో తెలియదు. తాటిచెట్టు ఎక్కుట నేర్వదలచినవాడు మోకు, ముత్తాదు కట్టుకొని ఎక్కిన గౌడన్ననే అడుగవలెను గాని, కొమ్మమీద పుట్టిన కోతినడుగునా?

ఇచట మేనమామగారు నవ్విరి. ఈ ఉపమానము సీమవారికి వినిపింపదగినది కాదని నేననుకొంటిని గాని, దాని యందలి యుక్తిని కాదనలేకపోతిని. ఒకటి మాత్రము చేర్చవలెను: ఉచ్చారణ విషయమున ఆమె మాటాడలేదు. పిల్లలకు ఆంగ్లము నేర్పించు తల్లిదండ్రులు కొనదలచునది పెక్కుతావుల ఆ పలుకుబడియే. వ్యాకరణము ఎవడైనను నేర్పునని వారి విశ్వాసము. మేనమామగారు ఆ వైపు నుండి వత్తురని చూచితిని. వారు వేరొక దారి తీసిరి.

మేనమామ: సరియే, నీకు యోగ్యత కలదనుకొందము. ఆ యోగ్యత దేనిపై నిలుచునో యోచించితివా? ఒక ప్రభుత్వము ఒక ఉదయమున జారీ చేయు ఉత్తరువుపైన. లిబియాలో గడాఫీ 1986లో పాఠశాలలనుండి ఆంగ్లమును వెడలగొట్టెను. ఆ భాష నేర్పువారు ఇతర పాఠములు చెప్పుకొనవలసి వచ్చినది. ఒక తరము పిల్లలు ఏ బి సి డిలు లేకయే కళాశాల మెట్టెక్కిరి. తరువాత అదే ప్రభుత్వమునకు ఆంగ్లము కావలసి వచ్చినది. అప్పుడు నావంటివారిని రప్పించిరి. నాకు అచట అన్నము పెట్టినది ఆ నిషేధము మిగిల్చిన లోటే. ఆపై 2011లో తుపాకులు మ్రోగినవి. ఒప్పందమున వ్రాసియున్న సేవాంతధనము ఏ బీరువాలో మిగిలినదో నేటికిని నాకు తెలియదు. ఇది ఎడారిదేశపు సంగతియందువా, చీనాను చూడుము. 2021 జూలైలో అచటి ప్రభుత్వము బాలుర చదువు బరువు తగ్గించు నెపమున, నిర్బంధవిద్య యందున్న పిల్లలకు ముఖ్యపాఠ్యాంశములను లాభాపేక్షతో చెప్పు ట్యూషను సంస్థలను నిషేధించెను; ఆంగ్లమును ఆ ముఖ్యపాఠ్యాంశములలో చేరినదే. విదేశములనుండి తెరమీద పాఠము చెప్పు బోధకులకు సహితము ఆ కొలువులు ఊడినవి. నీ వృత్తి నీ గుణదోషములతో నిమిత్తము లేకయే మాయమగుట ఎట్టిదో అనుభవించినవాడను గనుక చెప్పుచున్నాను.

మేనకోడలు: ఉత్తరువు మూసినట్లే తెరచును గూడ. రువాండా ప్రభుత్వము 2008లో ఫ్రెంచిని తొలగించి ఆంగ్లమును బోధనామాధ్యమముగ చేసెను; ఆ మరుసటి యేడే కామన్‌వెల్తులో చేరెను. మాల్దీవులలో 1960ల నుండి ఆంగ్లమాధ్యమము పెరుగుచు వచ్చుట చేతనే గదా, సముద్రము నడుమ చిన్న చిన్న దీవుల బడులలో నేటికిని మన దేశపు ఉపాధ్యాయులు కనబడుచున్నారు! ఇటలీ ఆక్రమణ 1941లో తొలగిన పిమ్మట హైలె సెలాసీ చక్రవర్తి ఇథియోపియాలో పాఠశాలలను మరల నిలబెట్టుచు భారతదేశమునుండి ఉపాధ్యాయులను పిలిపించెను. కేరళమునుండి పోయినవారే అధికులైనను మనవారును లేకపోలేదు. 1962 నుండి అమెరికావారి పీస్ కోర్ యువకులును అచటికి వచ్చిరి. వారు రెండేండ్లుండి పోవుచుండ, మనవారు పెక్కేండ్లు నిలిచి ఉన్నతపాఠశాలలను నడపిరి. అచట ఎవ్వరును వారి ఉచ్చారణను తూకము వేయలేదు.

ఇక వృత్తి ఉత్తరువుపై నిలుచునంటిరి. ఇచట మాత్రము దేనిపై నిలిచినది? కరోనా కాలమున బడులు మూసినపుడు మా యాజమాన్యము జీతమాపినది. మన రాష్ట్రప్రభుత్వము 2021 ఏప్రిలులో ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యము ఇచ్చినది, ఇచ్చినందులకు కృతజ్ఞురాలను. కాని ఆ బియ్యము సంచి ఇంటికి మోసుకొని వచ్చిననాడు, మామయ్యా, నేను ఎం.ఏ. చదివిన దానిననియు ఉపాధ్యాయినిననియు వీధిలో ఎవ్వరికిని చెప్పుకొనలేకపోతిని. బడులు తెరచిన పిమ్మటను వేసవి సెలవులకు జీతము లేదు. స్వదేశమున నున్న కొలువు స్థిరమనియు, పరదేశమున నున్నది అస్థిరమనియు మీరు చేసిన విభాగము నాకు పొసగుట లేదు.

మేనమామ: ప్రైవేటు బడి సంగతి నాకు తెలియనిది కాదు. ప్రభుత్వోద్యోగమునకు ప్రయత్నింపవలదంటినా? మన పల్లెలలో ఆరవ తరగతి పిల్లవాడు ఆంగ్లవాచకము తెరచి ఒక్క వాక్యము కూడబలుకుకొనలేకున్నాడు; వానిని విడిచి సియోలు పిల్లవాని 'ఎ', 'ది'లు దిద్దబోవుట న్యాయమా?

మేనకోడలు: ప్రయత్నించితిని. 2017లో ఉపాధ్యాయ నియామక ప్రకటన వచ్చినది. ఆపై ఏండ్లు గడచినవి. 2023లో 5,089 ఉద్యోగములకు వచ్చిన ప్రకటన పరీక్ష జరుగకయే రద్దయినది. 2024లో 11,062 ఉద్యోగములతో మరల వచ్చినది. ఆ నడుమ గడచిన ఏండ్లలో మా తరమువారు కోచింగు కేంద్రములకు కట్టిన డబ్బు, పోగొట్టుకొన్న వయస్సు ఎవరు తిరిగి యిత్తురు? నాకు రాలేదు, వచ్చినవారు నాకంటె మెరుగుగా వ్రాసిరి, అందులకు చింత లేదు. పల్లెపిల్లవానికి ఉపాధ్యాయుని నియమింపవలసిన బాధ్యత ప్రభుత్వముది. ఆ బాధ్యతను నా పెళ్లికాని వయస్సుమీదను, నా తల్లి మందుల ఖర్చుమీదను మోపుట న్యాయమా యని నేనడుగుచున్నాను.

ఈ ప్రశ్నకు మేనమామగారు సమాధానము చెప్పలేదు, నాకును తోచలేదు. సేవ, త్యాగము అను మాటలు జీతము అందుకొన్నవారి నోట వినసొంపుగా నుండును. వారు కొంత సేపు కళ్లద్దములు తుడుచుకొని, తాము మొదటినుండియు ఉంచుకొన్న అసలు భయమును అప్పుడు బయటపెట్టిరి.

మేనమామ: పోవువారు ఎట్లు పోవుచున్నారో చూచితివా? జాన్ హేక్రాఫ్ట్ దంపతులు 1962లో లండనున ఆరంభించిన బోధనాశిక్షణ క్రమముగా పెరిగి నేడు కేంబ్రిడ్జివారి సెల్టా యైనది. అందు 120 గంటల శిక్షణ, అందునను ఆరు గంటలు నిజమైన విద్యార్థుల యెదుట పరీక్షకులు వెనుక కూర్చుండి చూచుచుండగా పాఠము చెప్పవలెను. నేడు అదే '120 గంటలు' అను ముద్ర వేసి, ఒక్క విద్యార్థి మొగమైనను చూపక, కంప్యూటరు ముందు నాలుగు రాత్రులు ప్రశ్నలకు గుర్తులు పెట్టించి ధ్రువపత్రము లమ్ముచున్నారు. అట్టి పత్రమొకటి చేతబెట్టి, బ్యాంకాకులోనో హనోయిలోనో బడి చూపెదమని, సందర్శక వీసాపై విమానమెక్కించు దళారులున్నారు. సందర్శక వీసాపై పాఠము చెప్పినవాడు పట్టుబడిననాడు బడివాడు వానిని ఎరుగనే యెరుగననును. థాయ్‌లాండులో కొలువని చెప్పి మన యువకులను మయన్మారులోని మ్యావడీకి చేర్చి సైబరుమోసములు చేయించుచున్నారని విదేశాంగశాఖ 2022 నుండి హెచ్చరించుచునే యున్నది. కంబోడియాలో చిక్కుకొన్న విశాఖపట్టణపు పిల్లల మాట 2024లో వినలేదా? వారికి చెప్పినది కంప్యూటరు ఉద్యోగము. నీకు చెప్పునది ఉపాధ్యాయపదవి. ఎర మారును గాని గాలము మారదు.

ఇంకొక విచిత్రము వినుము. పదవ తరగతి దాటని కరీంనగరు, జగిత్యాల కూలివాడు గల్ఫునకు పోవలెనన్న, 1983 నాటి ఎమిగ్రేషను చట్టము క్రింద వలసరక్షకాధికారి వాని ఒప్పందపత్రమును చూచి అనుమతింపవలెను. నీవు పట్టభద్రురాలవు గావున నీ పాస్‌పోర్టుకు ఆ యనుమతి అక్కరలేదు. చదువుకొన్నదానవు, నిన్ను నీవే కాపాడుకొందువని ప్రభుత్వము విశ్వసించినది. కూలివాని పత్రము ఒక అధికారియైనను చదువును. నీ పత్రమును చదువువాడు లేడు.

మేనకోడలు: చదువుటకే మీయొద్దకు తెచ్చితిని. దళారులయొద్దకు పోలేదు. ప్రభుత్వ లైసెన్సు గల ఏజెంటైనను 30,000 రూపాయలును, దానిపై పన్నును మించి పుచ్చుకొనరాదని నాకు తెలియును. విదేశోద్యోగములకు పంపు మన రాష్ట్రప్రభుత్వపు టామ్‌కామ్ సంస్థలో పేరు వ్రాయించితిని. పట్టములను రాష్ట్ర విద్యాశాఖచేత ధ్రువపరపించి ఢిల్లీకి పంపితిని. కొరియాకైనచో అపొస్టిల్ ముద్ర చాలును, ఆ ముద్రను పరస్పరము అంగీకరించు దేశముల ఒడంబడికలో మన దేశము 2005లోనే చేరినది. ఎమిరేట్సు అందులో లేదు గావున వారి రాయబార కార్యాలయపు ముద్రయు వేయించితిని. పోలీసు ధ్రువపత్రము వచ్చినది. కొరియా దరఖాస్తు విచారణలో నున్నది. ఈలోగా షార్జాలో సి.బి.ఎస్.ఇ. పాఠ్యక్రమము గల ఒక భారతీయ పాఠశాలవారు తెరమీద నమూనా పాఠము చెప్పించి, కొలువు ఇచ్చెదమని ఈ పత్రము పంపిరి.

మేనమామ: షార్జాలో భారతీయ పాఠశాలయా? ఖమ్మమునుండి పోయి అచట మరల మన పిల్లలకే చెప్పుటకా ఇంత ప్రయాణము!

మేనకోడలు: మన పిల్లలే యగుట చేత నా పుట్టుకను ప్రశ్నింపరు. బ్రిటిషు పాఠ్యక్రమపు బడులలో జీతమెక్కువ. వారు సీమవారినే కోరుదురు. రెండేండ్ల అనుభవము వచ్చిన పిమ్మట ఆ మాట చూచుకొందును. మొత్తము నెలకు 4,000 దిర్హములు.

మేనమామగారు పత్రమును చేతబుచ్చుకొని, ఎం.ఏ. విద్యార్థుల పరీక్షాపత్రములు దిద్దినంత కాలము అలవడిన ఓపికతో, ఒక్కొక్క వాక్యము క్రింద పెన్సిలుతో గీత గీచుచు చదివిరి. పాస్‌పోర్టు యజమాని యొద్ద నుంచవలెనను మాట ఎక్కడైన నున్నదేమో వెదకిరి; లేదు. విమానపు టిక్కెట్టు, పరీక్షాకాలము, నోటీసు దినములు చూచి తల యూపిరి. రెండవ పుటయందు ఆగిరి.

మేనమామ: మొత్తము 4,000 అంటివి. మూలవేతనము 1,500 అని యున్నదిచట. తక్కినదంతయు ఇంటి భత్యము, రాకపోకల భత్యము, ఇతర భత్యము.

మేనకోడలు: ఎట్లు విభజించిన నేమి? చేతికి వచ్చునది 4,000 గదా!

మేనమామ: నెలనెలకు చేతికి వచ్చునది అంతే. కాని ఏడాది దాటిన పిమ్మట విడిచి వచ్చునపుడు సేవాంతధనము లెక్కించునది మూలవేతనము మీదనే: అచటి చట్టము ప్రకారము మొదటి అయిదేండ్లకు ఏటికి 21 దినముల మూలవేతనము. 1,500 మీద ఏటికి 1,050 దిర్హములు. 4,000 మీదనైనచో 2,800. అయిదేండ్లున్నచో ఒకటి 5,250, వేరొకటి 14,000. భేదమెంతయో నీవే కూడుకొనుము. నీకు రావలసినదానిని వారు చట్టబద్ధముగా, నీ సంతకముతోనే, నీ కండ్లయెదుట తగ్గించుచున్నారు.

మేనకోడలు: మూలవేతనము పెంచుమని అడిగిన, కొలువే లేదందురేమో.

మేనమామ: అందురేమో. అన్నచో మాల్దీవుల విద్యాశాఖకు వ్రాయుము, కొరియావారి ఉత్తరము కొరకు వేచియుండుము. నీవు పోవుట నాకు నేటికిని సమ్మతము కాదు, ఆ మాట నీ తల్లితోను చెప్పెదను. కాని పోవుదువేని, 2,400కు తక్కువ మూలవేతనము మీద సంతకము చేయకుము. వారికి ఉత్తరము ఈ పూటయే వ్రాయుదము. ఆంగ్లము నీవు వ్రాయుము, అంకెలు నేను చెప్పెదను.

మేనకోడలు: 2,400 ఏల, 3,000 అడిగిన పోదా మామయ్యా?

మేనమామ: 3,000 అనియే వ్రాయుము. 2,400 వద్ద ఆగుదము.